సెకండ్ల మాస్టారు చేర్చని లైను

ఆఫీసు రిజిస్టర్లో ఆయనకో పేరు ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో ఆయన్ని పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. డైరెక్టరు దగ్గర్నుంచి గేటు కాపలాదారు దాకా అందరికీ ఆయన సెకండ్ల మాస్టారే. అలాగని ఏ బళ్లోనూ ఒక్కరోజు పాఠం చెప్పినవారు కాదు. నది నీటి లెక్కలు చూసే ఆఫీసులో, కంప్యూటర్ల గదిలో, టేపులు ఎక్కించే పనిలో చేరి, చివరికి ఆ గదికే పెద్ద దిక్కయ్యారు. చొక్కా జేబులో అందరికీ పెన్నుంటే ఈయనకి స్టాప్‌వాచీ ఉండేది. డ్రిల్లు మాస్టారుగా రిటైరైన మేనమామ ఇచ్చిన వాచీ. బడిపిల్లల పరుగు పందేల్ని కొలవాల్సిన ఆ వాచీ ఈయన చేతిలో పడి కంప్యూటర్లని కొలవడం మొదలుపెట్టింది.

అప్పట్లో కంప్యూటరంటే బీరువాలంత ఉండేది. యూనిక్స్ అని, నలుగురూ ఒకే యంత్రాన్ని పంచుకుని వాడుకునే వ్యవస్థ మీద నడిచే యంత్రాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఒక్కో కంపెనీవాడూ వచ్చి మాదే వేగం, మాదే వేగం అని చెవులు చిల్లులు పడేలా ఊదరగొట్టేవాడు. అందుకని కొనేముందు ఏ యంత్రాన్నయినా నెల రోజులు గదిలో పెట్టుకుని పరీక్షించేవారు. ఆ పరీక్ష పెట్టేది మాస్టారే. పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, మూడు చిన్న ప్రోగ్రాములు. మొదటిది ఒకటి నుంచి పది లక్షల దాకా ఊరికే లెక్కపెడుతుంది, ఇంకేం చెయ్యదు. రెండోది ప్రధాన సంఖ్యలు వెతుకుతుంది. మూడోది ఒక పెద్ద ఫైలును కాపీ చేస్తుంది. మాస్టారు ఎడమచేత్తో ఎంటర్ మీట, కుడిచేత్తో వాచీ మీట ఒకేసారి నొక్కి, పని అయ్యేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేవారు.

"పట్టిన టైము ఆ యంత్రమే చెప్తుంది కదండీ, మళ్లీ ఈ వాచీ ఎందుకు?" అని ఎవరైనా అడిగారో, అయిపోయారంతే.

"పరీక్ష రాసినవాడి చేతికే పేపరిచ్చి దిద్దుకోమంటావా?" అనేవారు.

అలా పదకొండేళ్లలో ఇరవై ఆరు యంత్రాల్ని కొలిచి, నల్లట్ట పుస్తకంలో యంత్రానికో పేజీ చొప్పున రాశారు. ఆయనది ఒకటే నియమం. ఆ మూడు ప్రోగ్రాముల్లో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. కొలబద్ద మార్చేశాక నిన్నటి కొలతకీ ఇవాళ్టి కొలతకీ పొత్తెక్కడ కుదురుతుంది? ఆ మాట నిజమే. అందుకే ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

ఇంట్లోనూ అదే వరస. పాలు పొంగడానికెంత, వీధి చివర బస్సు తిరగడానికెంత, అన్నీ లెక్కే. "నాది కాపురం కాదమ్మా, రైల్వే స్టేషన్లో ఉద్యోగం," అని వాళ్లావిడ పక్కింటావిడతో అంటే, ఆయన కూడా మురిసిపోయేవారు.

ఆ గదిలోకి వచ్చిందొక బక్కపల్చని పిల్ల. ప్రోగ్రాములు రాసే పని, అదీ ఏడాదికోసారి పొడిగించే తాత్కాలిక ఉద్యోగం. ఆమె టైపు చేస్తుంటే పిచ్చుక గింజలు పొడుస్తున్నట్టు టకటకమని ఒకటే చప్పుడు. దాంతో పిచ్చుక అనే పేరు పడిపోయింది. తండ్రి దర్జీ. నది పొంగిన ఏడు ఆయన కుట్టుమిషన్లు రెండూ నీళ్లపాలయ్యాయి.

"మధ్యాహ్నం భోంచేస్తుంటే నీళ్లు గడప దాటి వచ్చేశాయి మాస్టారూ. రెండు గంటలు ముందు ఎవరైనా చెప్పుంటే మిషన్లు మేడ మీదికి ఎక్కించుకునేవాళ్లం. ఆ తర్వాత నాన్న మళ్లీ కత్తెర పట్టుకోలేదు," అని ఓసారి చెప్పింది.

అందుకే ఆ పిల్లకి అంత పట్టుదల. ఎగువన పడిన వాన అంకెలు తీసుకుని, ఊళ్లో నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయో చెప్పే ప్రోగ్రాము రాసింది. లెక్క సరిగ్గానే తేలేది. చిక్కల్లా టైముతోనే. పాత యంత్రం మీద అది తేలడానికి నాలుగు గంటలు పట్టేది. ఎగువ నుంచి నీళ్లు ఊరు చేరడానికి ఐదు గంటలు. మిగిలిన ఒక్క గంటలో ఎవరికి కబురు పెడతారు, ఎవర్ని ఖాళీ చేయిస్తారు?

"మంచి యంత్రం ఒక్కటి చూసిపెట్టండి మాస్టారూ. మీ పేరు చెప్పుకుని మా వీధంతా బతుకుతుంది," అనేది.

మాస్టారికి పిల్లల్లేరు. పైకి విసుక్కునేవారు గానీ, ఆ పిల్ల రాని రోజు గదిలో ఏమీ తోచేది కాదు. రెండు మూడుసార్లు ఇంటికి తీసుకెళ్లి భోజనం కూడా పెట్టించారు. వాళ్లావిడ అయితే మా పిచ్చుక, మా పిచ్చుక అని ఒకటే ఇది.

అప్పుడొచ్చింది ఇరవై ఏడో యంత్రం. చిన్నది, బల్ల కింద పట్టేంత. మాస్టారు మొదటి ప్రోగ్రాము ఇచ్చి మీట నొక్కారు. వాచీ మీద వేలు తీసేలోపే అయిపోయింది! పాతదానికి పన్నెండు సెకండ్లు పట్టిన పని. మళ్లీ నొక్కారు, మళ్లీ అంతే. సెకనులో ఐదో వంతు అని రాసుకున్నారు, ఆ వాచీలో అంతకన్నా చిన్న గీత లేదు మరి. అంటే అరవై రెట్ల వేగం. మిగతా రెండు పరీక్షల్లో మాత్రం కొత్తది పాతదానికంటే కాస్త వెనకే పడింది. అయితేనేం, మూడూ కూడి సగటు తీస్తే ఇరవై రెట్లు వచ్చింది. పదకొండేళ్లలో ఎన్నడూ చూడని అంకె. మాస్టారి మొహం వెలిగిపోయింది. నాలుగు గంటల లెక్క పన్నెండు నిమిషాల్లో తేలిపోతుంది! పిచ్చుకని కేకేసి మరీ చూపించారు.

ఆ పిల్ల పేజీని పైనుంచి కిందికి చదివింది. ఎగిరి గంతేస్తుందనుకుంటే నుదురు చిట్లించింది.

"మాస్టారూ, రెండు పరీక్షల్లో వెనకబడినదానికి ఫస్టు ర్యాంకు ఎలా వచ్చిందండీ?"

"మొదటిదాంట్లో అంత ముందుందిగా!"

"అక్కడే నాకు అనుమానంగా ఉంది. మనం రాసింది యంత్రం భాషలోకి మార్చే కంపైలరు ఉంది చూడండి, దీంతో వచ్చింది మహా గడుసుది. లెక్కపెట్టాక ఆ జవాబు ఎవరికీ అక్కర్లేదని కనిపెట్టిందంటే, అసలా లెక్కనే తీసి అవతల పారేస్తుంది. ఇది పది లక్షలు లెక్కపెట్టలేదండీ. ఏమీ చెయ్యలేదు. చివర్న ఒక్క లైను చేర్చి, తేలిన అంకెను అచ్చు వెయ్యమనండి. జవాబు అడిగితే చచ్చినట్టు లెక్కపెడుతుంది."

కంపెనీవాడు అక్కడే ఉన్నాడు, ఆఫీసులో నలుగురూ ఉన్నారు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

"పదకొండేళ్లు! ఇరవై ఆరు యంత్రాలు! ఒక్క అక్షరం మార్చినవాణ్ణి కాదు. నిన్నగాక మొన్న వచ్చి నా కొలబద్దకే వంకలు పెడతావా? నీ పని నువ్వు చూసుకో!"

పిల్ల మొహం ఇంతైపోయింది. వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. అయ్యో, అంత మాట అనకుండా ఉండాల్సింది అని మాస్టారికి అప్పుడే అనిపించింది. అనిపిస్తే సరిపోతుందా!

యంత్రాన్ని కొన్నారు. పాతదాన్ని విడగొట్టి పాత ఇనుము కొట్టుకి తోలేశారు. పిచ్చుక తన ప్రోగ్రామును కొత్తదానికి తగ్గట్టు మార్చుకుని, వానలు మొదలవగానే నడిపింది. ఆరు గంటలు పట్టింది. మళ్లీ నడిపినా అంతే. నీళ్లు ఊళ్లోకి వచ్చేశాక, వస్తున్నాయి జాగ్రత్త అని చెప్పే ప్రోగ్రాము ఎవరిక్కావాలి?

తప్పెవరిదని పై నుంచి అడిగారు. యంత్రం ఇరవై రెట్ల వేగమని మాస్టారు సంతకం పెట్టిన కాగితం ఉండనే ఉంది. కాబట్టి ప్రోగ్రామును మార్చేటప్పుడు ఈ అమ్మాయే పాడుచేసి ఉంటుందన్నారు. మర్నాడు ఉదయం మీటింగు అన్నారు.

ఆ సాయంత్రం ఐదున్నరకి అందరూ వెళ్లిపోయాక మాస్టారు ఒక్కరే గదిలో ఉండిపోయారు. మొదటి ప్రోగ్రాముకి ఒక నకలు తీశారు. చివర్న పిచ్చుక చెప్పిన ఆ ఒక్క లైను చేర్చారు. రెండు మీటలూ నొక్కారు. యంత్రం మాట్లాడలేదు. ఐదు, పది, పదిహేను. పంతొమ్మిదో సెకనులో తెర మీద పది లక్షల అంకె పడింది. మూడుసార్లు చూశారు, మూడుసార్లూ పంతొమ్మిదే. పాతదానికి పన్నెండు. అంటే ఇది ఇరవై రెట్లు కాదు సరికదా, పాతదాని పాటి కూడా చెయ్యదు. రేపు చెప్పేస్తాను అనుకున్నారు. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని కూడా అదే అనుకున్నారు.

మీటింగులో ఆరుగురున్నారు. పిచ్చుక చివరి కుర్చీలో కూర్చుంది. డైరెక్టరు మాస్టారి వైపు తిరిగి, "యంత్రం విషయంలో మీకేమైనా అనుమానం ఉందా?" అన్నాడు.

మాస్టారు లేచి నిలబడ్డారు. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లి వాచీ తీసింది. నల్లట్ట పుస్తకం బల్ల మీదుంది. ఇరవై ఆరు పేజీలూ కళ్ల ముందు తిరిగాయి. ఇదొకటి తప్పంటే, మిగతావి ఎవరు నమ్ముతారు? సెకండ్ల మాస్టారు అని ఇంకెవరు పిలుస్తారు?

"కొలిచింది కొలిచినట్టే రాశానండి," అన్నారు.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. చూశారా, మనిషి ఎంత తెలివిగా దిగజారగలడో!

"నువ్వేమైనా చెప్పుకుంటావా అమ్మా?" అని డైరెక్టరు అడిగాడు. ఆ పిల్ల మాస్టారి వంకే చూసింది. "ఏమీ లేదండి," అంది.

నెలాఖరుకి ఆమె ఉద్యోగం పొడిగించలేదు. చివరి రోజు సాయంత్రం గుడ్డసంచీ, అచ్చు కాగితాల దొంతర ఒకటి పట్టుకుని మెట్లు దిగింది. మాస్టారు మేడ మీద కిటికీ దగ్గర నిలబడ్డారు. అలవాటు ఎక్కడికి పోతుంది, ఆ పిల్ల మెట్లు దిగీ దిగగానే ఆయన బొటనవేలు వాచీ మీట నొక్కింది. మెట్ల నుంచి గేటుకి నలభై సెకండ్ల నడక. ఆ రోజు ఆ పిల్లకి మూడు నిమిషాల పది సెకండ్లు పట్టింది. పాపం, కాగితాలు బరువనుకున్నారు.

"పిచ్చుక రావడం లేదేంటండీ?" అని వాళ్లావిడ అడిగితే, "వేరే ఊళ్లో మంచి ఉద్యోగం వచ్చింది," అన్నారు.

"నాకో మాట చెప్పకుండా వెళ్లదే!" అని ఆవిడ చాలా రోజులు అనుకుంది.

మూడో ఏడు నది మళ్లీ పొంగింది. దిగువ వీధుల్లో గడపలు మునిగాయి. ప్రాణనష్టమేమీ లేదని పేపర్లో వేశారు. మాస్టారు ఆ పేపరు మడిచి పరుపు కింద పెట్టుకున్నారు. ఆ తర్వాత కూడా యంత్రాలు వచ్చాయి, పోయాయి. ఇరవై ఎనిమిదో పేజీ రాయడానికి ఆయనకు చెయ్యాడలేదు. అడిగినవాళ్లు కూడా లేరు.

పద్నాలుగేళ్లకి రిటైరయ్యారు. ఇంటికి తెచ్చిన పెట్టె సర్దుతుంటే వాళ్లావిడ చేతికి నల్లట్ట పుస్తకం దొరికింది. ఇరవై ఏడో పేజీ అంచున పెన్సిలుతో పంతొమ్మిది, పంతొమ్మిది, పంతొమ్మిది అని ఉంది. "ఇదేంటండీ?" అంది. ఇన్నేళ్లకి ఒక మనిషి అడిగేసరికి ఆయన వల్ల కాలేదు. అంతా చెప్పేశారు.

ఆవిడ అరవలేదు. "ఇన్నేళ్లూ నా పక్కనే కూర్చుని అన్నం తిన్నారు కదండీ," అంది. కాసేపటికి, "ఆ పిల్ల ఎక్కడుందో కనుక్కుని వెళ్లి రండి. లేకపోతే నాతో మాట్లాడొద్దు," అంది.

ఎక్కడికీ వెళ్లలేదు ఆ పిల్ల. అదే దిగువ వీధిలో, నీటి చార ఇంకా చెరగని గోడల మధ్య, పిల్లలకి లెక్కలు చెప్తోంది. జుట్టు సగం నెరిసింది. మాస్టారిని చూసి గబగబా లేచి కుర్చీ వేసింది. అమ్మగారు బాగున్నారా అని అడిగింది. పిల్లలు చాప మీద కూర్చుని పొడవాటి కాగితాల మీద కూడికలు చేసుకుంటున్నారు. మాస్టారు ఒక కాగితం తీసి వెనక్కి తిప్పారు. ఆ పిల్ల నది ప్రోగ్రాము.

"ఒకవైపు ఖాళీ కదండీ, చిత్తు లెక్కలకి పనికొస్తున్నాయి. ఇంకో నెల వస్తాయేమో," అంది.

మాస్టారు ఆ కాగితాన్ని మళ్లీ చాప మీద పెట్టేశారు. వచ్చేటప్పుడు దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ పోయి, "పంతొమ్మిది వచ్చిందమ్మా," అన్నారు. "నువ్వు చెప్పిన లైను చేర్చి చూశాను. మీటింగుకి ముందురోజే చూశాను."

"తెలుసు మాస్టారూ."

ఆయన తలెత్తారు.

"మీటింగు రోజు పొద్దున్నే వచ్చి ఫైళ్ల జాబితా చూశానండి. యూనిక్స్‌లో ఎవరి ఫైలు ఎప్పుడు తయారైందో అందరికీ కనపడుతుంది కదా. మీ పేరు మీద కొత్తది ఒకటుంది, ముందురోజు సాయంత్రం ఐదూ యాభై రెండుకి. తెరిచి చూశాను. నా లైను ఉంది. హమ్మయ్య, మాస్టారు చూసేశారు, ఇంక ఆయనే చెప్తారు అనుకున్నాను. నలుగురిలో నేను చెప్తే మీకు చిన్నతనంగా ఉంటుందని నోరెత్తలేదు."

మాస్టారు రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. ఎప్పుడూ ఏడవని మనిషి, ఆ పిల్లల ముందే ఏడ్చారు.

"ఊరుకోండి మాస్టారూ, అయిపోయిందిగా," అంటూ ఆమె నీళ్ల గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. తర్వాత నవ్వబోయి, నవ్వలేక అంది. "వెళ్లిపోయే రోజు కూడా మీరు కిటికీ దగ్గరుండటం చూశాను. ఒక్క కేక వేసినా వెనక్కి వచ్చేదాన్ని. మీరు పిలుస్తారేమోనని గేటు దాకా ఎంత నెమ్మదిగా నడిచానో మీకు తెలీదు."

ఆయనకు తెలుసు. మూడు నిమిషాల పది సెకండ్లు.