బావ కట్టిన ఊరు, నేను ఊడదీసిన బ్యాటరీ

మా బావ ఓడ ఉద్యోగంలో ఉన్నప్పుడు జపాన్‌లో ఏదో రేవులో ఒక పాత వీడియోగేమ్ డబ్బా కొన్నాడు. అక్క చీర తెమ్మంటే ఈయన డబ్బా తెచ్చాడు. ఇంట్లో అదొక రభస. తీరా భీమిలి ఇంట్లో టీవీకి తగిలిస్తే బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చింది, అదీ నిలవకుండా పైకి పాకుతూ. రంగులు పంపే పద్ధతి వాళ్లది వేరు, మనది వేరు. టీవీ వెనక మర తిప్పి బొమ్మనైతే నిలబెట్టాను గానీ రంగు రప్పించడం నా వల్ల కాలేదు.

"పోనీలేరా, మొదట్లో వచ్చిన టీవీలన్నీ ఇలాగే కదేటి" అని బావ దానితోనే సర్దుకున్నాడు.

అందులో ఊరు కట్టే ఆట ఒకటుంది. జపాన్ అక్షరం ఒక్కటి రాదు మహానుభావుడికి. అయినా నొక్కి నొక్కి నేర్చుకున్నాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా కొంత, రిటైరయ్యాక రోజూ కొంత కట్టాడు. ఒక పక్క సముద్రం, రేవు, కొండ చుట్టూ రోడ్డు, లెక్కలేనన్ని సందులు. ఆ ఊరంతా ఒక్క క్యాసెట్టులో ఉండేది. "ఓడలో తిరిగినంతకాలం నాకంటూ ఊరు నేదురా, ఇదే నా ఊరు" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. నాకు బుద్ధి లేక.

నిరుడు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. ఒకరోజు పక్కన కూర్చుంటే ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకున్నాడు.

"ఇంక నాను కట్టనేను గానీ, నా ఊరు ఒక్కసారి రంగుల్లో సూడాలిరా."

జన్మలో ఆయన నన్నడిగింది ఇదొక్కటే. "ఓస్, ఇంతేనా! నాను సూపిత్తాను బావా" అన్నాను. స్టీల్‌ప్లాంటులో ముప్పై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసినవాణ్ణి, ఆ మాత్రం పొగరు ఉండదా మరి!

గాజువాక నుంచి బస్సెక్కి, మద్దిలపాలెంలో మారి, వరసగా ఆరు ఆదివారాలు భీమిలి వెళ్లాను. టీవీ మూత విప్పి, డబ్బాలోంచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు తీగలు విడివిడిగా లాగి, తిన్నగా బొమ్మ తయారయ్యే చోటే అతికించాను. అలా చేస్తే మధ్యలో ఏ దేశం పద్ధతితోనూ పని లేదు. డబ్బాతో పాటు వచ్చిన కార్ల పందెం క్యాసెట్టు పెట్టి చూస్తే రంగులు వచ్చేశాయి. నేను గంతులేసినంత పని చేశాను.

తరవాత ఊరి క్యాసెట్టు పెట్టాను. ఏమీ రాలేదు. సముద్రపు గాలికి క్యాసెట్టు అంచున డబ్బాకి తగిలే రాగి పళ్లకి చిలుం పట్టేసింది. మరలు విప్పి శుభ్రం చేద్దామని కూర్చున్నాను. లోపల పలకకి బిళ్ల బ్యాటరీ ఒకటి అతికించి ఉంది.

ప్లాంటులో మాకు మొదటి రోజు నుంచీ నూరిపోసింది ఒక్కటే: దేని మీదైనా చెయ్యి వేసే ముందు కరెంటు తీసెయ్యి. తియ్యకుండా చెయ్యి పెట్టినవాళ్లు ఏమయ్యారో కళ్లారా చూశాను. ఆలోచించే పనే లేకుండా నా చెయ్యి కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ అందుకుంది, బ్యాటరీని ఊడదీసింది. ఆ తరవాత తీరిగ్గా చిలుం గీకి, కొత్త బ్యాటరీ అతికించి, పెద్ద ఘనకార్యం చేసినట్టు మూత బిగించాను.

క్యాసెట్టు మరిచిపోకుండా ఆ ఊరిని ఇన్నేళ్లుగా నిలబెట్టి ఉంచుతోంది ఆ బిళ్ల బ్యాటరీయేనని నాకు తట్టలేదు. మూడు వోల్టులకు ఎవడు చస్తాడు? అయినా నేను తీసేశాను.

స్విచ్ వేశాను. తెర నిండా రంగులు! "ఓలమ్మా, ఎంత బాగున్నాదిరా!" అని అక్క చప్పట్లు కొట్టింది. బావ దిండు మీంచి ముందుకు వంగాడు. దాచుకున్న ఊళ్ల పట్టీలో ఆయన ఊరు ఉండాల్సిన వరస ఖాళీగా ఉంది. మళ్లీ నొక్కాను. డబ్బా ఆపి, వేసి, మళ్లీ నొక్కాను. అప్పుడు గానీ నాకు బ్యాటరీ సంగతి తట్టలేదు.

దాచి ఏం చేస్తాను? ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నువ్వే తీసీసినావేటి?" అన్నాడు బావ.

"నానే బావా."

ఆ రోజు బావ అన్నం ముట్టలేదని అక్క తరవాత ఫోన్లో చెప్పింది.

మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లాను. కొత్త ఆట మొదలుపెట్టి, ఖాళీ నేల తెర మీదికి తెచ్చి, రిమోట్ పట్టుకుని ఆయన మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"నువ్వు సెప్పు బావా, నాను కడతాను. ఉన్నది ఉన్నట్టు మళ్లీ కట్టీద్దాం. ముందు రేవు ఎక్కడెట్టమంటావు?"

బావ తెర వైపు చూశాడు. ఎడమ చెయ్యి ఎత్తి తెర మీది సముద్రం వైపు చాపాడు. అక్కడ ఆగింది. కాస్త కుడికి జరిపాడు, మళ్లీ ఎడమకి జరిపాడు. చెయ్యి ఒళ్లో పడేసుకుని నా మొహంలోకి చూశాడు.

"నాకు గుర్తు నేదురా" అన్నాడు.