అరిగిపోయే టైరు

ఈ ఏడు మృగశిర రాకముందే టికిరి కొండల్లో రెండు వానలు పడ్డాయి. మా అమ్మాయి లక్ష్మిప్రియ బండి టైర్లు చూస్తే బోడిగుండులా నున్నగా అయిపోయాయి. పిల్ల ఏఎన్ఎం. బుధవారం వచ్చిందంటే టీకాల పెట్టె వెనక కట్టుకుని కొండమీది ఊళ్లకు పోవాలి. టైర్లు మార్చవే అంటే వినేది కాదు. పోయిన ఆషాఢంలో వాళ్ల నాన్న తన చేత్తో ఎక్కించినవట, ఉన్నన్నాళ్లు ఉండనివ్వాలట. ఆయన మాఘంలో గుండెనొప్పితో పోయాడు. ఈ బోడి టైర్లతో వానాకాలం తిరిగితే పిల్ల కూడా నాకు దక్కదేమోనని అన్నం సహించేది కాదు.

మా ఆయన పేరు ఢిల్లీశ్వరరావు. పేరుకే ఢిల్లీ, శ్రీకాకుళం వదిలి ఒడిశాలో ఈ టికిరికొచ్చాక రాయగడ దాటి ఎటూ పోయిన మనిషి కాదు. సంత దారిలో మా ఇంటి ముందు గదిలోనే ముప్పై ఏళ్లు టైర్ల కొట్టు నడిపాడు. బండి ఆగితే ముందు ధర చెప్పడు. మడ్‌గార్డు కింద ఎండిన బురదను గోటితో గీకి, వేళ్ల మధ్య నలిపి చూస్తాడు.

"ఎర్రమట్టి బాబూ, అంటుకుపోద్ది. గుబ్బల మద్దిన సందెక్కువుండాల, లేపోతే మట్టి రాలదు," అంటాడు. చేతికి రాతి గరుకు తగిలితే మెత్తటి రబ్బరు టైరు దించి, బొటనవేలితో నొక్కి చూపిస్తాడు. గోరు దిగని టైరు తడిరాతి మీద నిలబడదని ఆయన శాస్త్రం. ఎక్కువకాలం మన్నే టైరు కావాలని అడిగిన వాళ్లంటే ఒళ్లుమంట. "మన్నాల్సింది టైరా, నువ్వా?" అని మొహం మీదే అడిగేసేవాడు. ఎన్ని బేరాలు పోయాయో. నేనెంత పోరినా ఆ నోరు మారలేదు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఆ మనిషే సొంత కూతురి దగ్గర తప్పు చేశాడు. నాలుగేళ్ల కిందట పిల్లకు ఉద్యోగం వచ్చింది. పంచర్లు వేసి బతికినవాడు కదా, కళ్లముందు ముళ్లే కనపడ్డాయి. ఒంటరి ఆడపిల్ల, కొండదారిలో పంచరైతే ఏం గతి అనుకుని, కొట్లో ఉన్నవాటిలో బాగా దళసరివి, గట్టివి చూసి ఎక్కించాడు. గాలి కూడా బిర్రుగా కొట్టాడు. ముల్లు దిగలేదు, నిజమే. వాగు దాటాక తడిబండ మీద బండి జారి పిల్ల మణికట్టు విరిగింది. రెండు రోజులు ఆయన ముద్ద ముట్టలేదు. నేనైనా ఊరుకున్నానా, నోటికొచ్చిందల్లా అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు పడిపోతే బాగుండేదనిపిస్తుంది.

ఉద్యోగం మానిపించెయ్యమన్నాను. ఆయన వినలేదు. అప్పట్నుంచి ఏటా ఆషాఢంలో మెత్తటి టైర్లే వేశాడు, ఏడాదికే అరిగిపోతాయని తెలిసి కూడా. టైర్లు మార్చే రోజు మా వాకిట్లో సబ్బునీళ్లు, రేడియో, రెండు మూడుసార్లు టీ. నేను రిమ్ము పట్టుకుంటే "అలాగ కాదే" అని కసిరేవాడు. ఆ కసురు కూడా ఎంత బాగుండేదో.

మొన్న మంగళవారం మధ్యాహ్నం పిల్ల పడుకోగానే కొట్టు తలుపు తీశాను. వేలాడుతున్న టైర్లను ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కాను. గోరు దిగిన జత దించాను. పక్కన కూర్చుని చూసిన పనే గాని ఒంటరిగా ఎప్పుడూ చెయ్యలేదు. ముందు చక్రం విప్పి, పాతది ఊడదీసి, కొత్తది ఎక్కించేసరికి గంటన్నర పట్టింది. రెండు గోళ్లు చితికాయి.

చప్పుడుకు లక్ష్మిప్రియ లేచి వచ్చింది. కిందపడి ఉన్న పాత టైరు చూసింది.

"ఏటి సేసినావమ్మా? నాన్న ఏసింది తీసీసినావా? నీకు సేతులెలాగొచ్చేయి?"

"వచ్చేయి. అరగడానికే ఏసేడు మీ నాన్న. దాసుకోమని ఏసేడేటి? ఈటితో నువ్వు కొండెక్కితే నేను బతకను, అమ్మీ. ఆయన్ని పంపించీసేను. నిన్ను పంపలేను."

పిల్ల చక్రం దగ్గర కూలబడి, చెయ్యేసి తిప్పి చూసింది. టైరు ఎటు తిరగాలో చెప్పే బాణం గుర్తు దాని పక్కభాగం మీదే ఉంటుంది. నేను దాన్ని తిరగేసి ఎక్కించేశాను.

"బాణం ఎనక్కుందమ్మా. నాన్నుంటే ఈదంతా ఇనపడేలాగ అరిసేవోడు," అని నవ్వేసింది. ఆయన పోయాక అది నవ్వగా నేను చూడటం అదే మొదలు. నవ్వుతూనే ఏడ్చింది.

ఇద్దరం కలిసి విప్పి మళ్లీ సరిగ్గా ఎక్కించాం, వెనకదీ మార్చాం. బుధవారం కొండకు పోయి, సాయంత్రానికి ఒళ్లంతా ఎర్రబురదతో, ఎక్కడా పడకుండా తిరిగొచ్చింది. మర్నాడు పాత టైర్లు రెండూ పట్టుకెళ్లి తూకానికి వేసేశాను. కొన్నవాడు వాటిని ఎత్తి ఇనప సామాను మీదకు విసిరేశాడు. ఇంటికొచ్చి తలుపేసుకుని, పిల్ల డ్యూటీ నుంచి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.