స్టాప్‌వాచ్ ముందు వేగం పెంచిన లైను

2018లో నన్ను నాచారం పారిశ్రామికవాడలోని ఒక మందుల ఫ్యాక్టరీకి సీనియర్ ఇంజినీరుగా వేశారు. నా పని టైమ్ స్టడీ. అంటే స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడి, ఏ పనికి ఎంత సమయం పడుతుందో, ఎందరు కావాలో తేల్చడం. మా లాంటివాళ్లను కార్మికులు ఇష్టపడరు. వాచీ కనబడగానే చేతులు నెమ్మదిస్తాయి. నేను చూసిన ప్రతి ఫ్యాక్టరీలోనూ అంతే. అందులో తప్పు పట్టడానికీ లేదు.

ప్యాకింగ్ మూడో లైనులో మాత్రం వ్యవహారం తలకిందులైంది. పొద్దున ఆరింటికి మొదలయ్యే ఏ-షిఫ్టులో ఐదుగురు ఆడవాళ్లు టాబ్లెట్ స్ట్రిప్పులను అట్టపెట్టెల్లో సర్దుతున్నారు. షిఫ్టు మొదలవగానే వెళ్లిన నన్ను చూసి వేగం పెంచేశారు. నలుగురి చేతులు ఆగడం లేదు. ఐదో మనిషి ఎస్తేరు మాత్రం పెట్టెలను ఊరికే తాకి ముందుకు తోస్తోంది. ఆ లైనుకు నలుగురు చాలని నా లెక్కలో తేలింది. ప్రొడక్షన్ మేనేజరు సంతోషించి, ఒక పోస్టు తీసేద్దామన్నారు. ఎస్తేరు కాంట్రాక్టు ఆ నెలాఖరుకే ముగుస్తుంది.

నాకు మనసొప్పలేదు. వాచీ చూసి వేగం పెంచినవాళ్లను నేనెక్కడా ఎరగను. మరుసటి వారం అదే లైను, వంతు ప్రకారం, మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే బీ-షిఫ్టుకు మారింది. మళ్లీ వెళ్లి నిలబడ్డాను. ఈసారి ఎస్తేరు అందరితో సమానంగా చేసింది. మిగతా నలుగురూ నా వాచీకి మర్యాద ఇచ్చి నిదానించారు.

టీ విరామంలో లైను లీడరు యాదమ్మను అడిగాను. గొంతు తగ్గించి చెప్పింది. "ఆమెకు కీళ్లవాతం సార్. పొద్దుగాల వేళ్లు ముడుసుకోవు. ఆమె పని గూడ మేమే లాగుతున్నం. మీకు తెలిస్తే తీసేస్తరని ఆ దినం ఇంకింత జోరుగ జేసినం."

ఆమెను కాపాడబోయి ఆమె ఉద్యోగానికే ఎసరు పెట్టారు, పాపం. ఆ జోరు చూసే నలుగురు చాలని రాశానని యాదమ్మకు చెప్పాను. పక్కనే ఉన్న ఎస్తేరు లేచి వచ్చింది.

"లేసినంక రెండు మూడు గంటలు వేళ్లు కట్టెల్లెక్క ఉంటయ్ సార్, గంతే. తర్వాత నా పని నేనే జేస్త. రోగమని తెలిస్తే గేటు కాడనే ఆపుతరని సెప్పలే" అంది. నాకు చాలా బాధనిపించింది.

మొదటి స్టడీ చెల్లదని రాసిచ్చి, ఎస్తేరును పూర్తిగా బీ-షిఫ్టులోనే ఉంచమని మేనేజరును కోరాను. వారం వారం షిఫ్టు మారడం అందరికీ ఒకటే నియమం, ఒకరికి సడలిస్తే అందరూ అడుగుతారని ఆయన అభ్యంతరం. రాత్రి పదింటికి విడిచే షిఫ్టును కోరి ఎవరు అడుగుతారండీ అన్నాను. ఆయన నవ్వి, ఫ్యాక్టరీ డాక్టరు చీటీ తెమ్మన్నారు. ఆమె తెచ్చింది. ఇల్లు ఉప్పల్లోనే, అక్కడిదాకా కంపెనీ బస్సుంది. ఆమెకు బదులు ఏ-షిఫ్టుకు రావడానికి ఆడవాళ్లు పోటీపడ్డారు. ఆమె కాంట్రాక్టు కొనసాగింది.

మనిషి ఎంత పని చేస్తాడన్నదే అప్పటిదాకా కొలిచాను. జబ్బుతో ఉన్న మనిషి ఏ వేళలో చేయగలడో చూడకుండా ఆ లెక్క పూర్తికాదని ఆ లైను దగ్గర తెలిసింది. ఆ తర్వాత ప్రతి స్టడీనీ రెండు షిఫ్టుల్లోనూ చేశాను. ఒక్క షిఫ్టు చూసి ఎవరి పోస్టూ తీసేయమని రాయలేదు.