‘తెల్వదు’కు పదికి పది

ఈ రోజు మేడ్చల్‌లో ఒక కాలేజీకి వెళ్లాను. ప్లాట్లు అమ్మే ఉద్యోగాలకు అక్కడ మూడు నెలల కోర్సు పెట్టారు. పాఠాలు నిర్ణయించేదీ, పరీక్ష పెట్టేదీ ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లే. పాసైనవాళ్లకు ఉద్యోగం.

పరీక్షలో సుజాత అనే అమ్మాయి శామీర్‌పేట దగ్గరి ప్లాటు ఒకటి అమ్మి చూపించాలి. కొనేవాడిగా నర్సింహారెడ్డి కూర్చున్నాడు. పాతికేళ్లుగా భూములు అమ్మిస్తున్న మనిషి.

“వానకాలం నీళ్లు నిలుస్తయా బిడ్డా?”

“తెల్వదు సార్. నేను ఎండకాలమే చూసిన. ఊరోళ్లను అడిగి చెప్త.”

పక్కనున్న సేల్స్ మేనేజర్ సున్నా వేశాడు. “కస్టమర్ ముందు తెలియదు అనకూడదమ్మా.”

అమ్మాయి తల దించుకుంది. నర్సింహారెడ్డి ఆ మార్కుల కాగితం తీసుకుని, సున్నా కొట్టేసి, పదికి పది వేశాడు.

“నీళ్లు నిల్వవని జెప్పి ఒక ప్లాటు అమ్మిన సార్ నేను. మొదటి వానకే మోకాళ్లలోతు నీళ్లు. ఇప్పటికీ గా బాటల పోను. గీ పిల్ల చెప్పిన మాట సిలబస్‌ల మొదలు రాయున్రి.”

మేనేజర్ రాశాడు, పెన్సిల్‌తో. సుజాత పాసైంది.

మీకు ప్లాటు అమ్మినవాళ్లలో ‘తెల్వదు’ అన్నవాళ్లుంటే చెప్పండి. ఇన్నేళ్ల రిపోర్టింగ్‌లో నేను చూసింది ఈ అమ్మాయినొక్కదాన్నే.