ఊఁ కొట్టిన తరగతి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష. మా పెద్దలు ఎప్పుడో దక్షిణం నుంచి తీరం వెంబడి వచ్చి సూర్యలంక దగ్గర స్థిరపడిన జాలర్లు. ఇంట్లో అరవం కలిసిన మాటలే. బడిలో నోరు తెరిస్తే పిల్లలు నవ్వేవారు. అందుకని తెరిచేదాన్నే కాదు.

మా టీచరుగారు బాపట్ల నుంచి బస్సులో వచ్చేవారు. ఒకరోజు తన ఇంట్లోని టేప్‌రికార్డరు తెచ్చి, మా నాన్నను బడికి పిలిపించి, పిల్లకు చెప్పే కథ మీ భాషలోనే చెప్పమన్నారు. వేరే చప్పుళ్లు పడతాయని మమ్మల్ని నోటి మీద వేలేసుకోమన్నారు. నాన్న ఒక మాట చెప్పి ఆగాడు. ఇంకో మాట చెప్పి మళ్లీ ఆగి నా వైపు చూశాడు.

"ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే కథ ఎట్టా సాగుద్దండి?" అన్నాడు చివరికి.

టీచరుగారు బతిమాలితే పూర్తి చేశాడు గానీ, మాటమాటకీ ఆగడం మాత్రం మానలేదు. అలవాటు మరి.

అలల్లో కొట్టుకుపోయిన తాబేలు పిల్ల ఒడ్డుకు తిరిగొచ్చే కథ అది. క్యాసెట్ వినిపిస్తూ నాచేత తెలుగులో అర్థం చెప్పించేవారు టీచరుగారు. తాబేలును మీ భాషలో ఏమంటారని పిల్లలు నా చుట్టూ మూగేవారు. నేను బడికి పరిగెత్తుకుంటూ వెళ్లింది ఆ రోజుల్లోనే.

ఆ ఏటి తుఫానులో వేటకెళ్లిన మా నాన్న తిరిగి రాలేదు. శవమైనా దొరకలేదు. అమ్మ మాట మానేసింది. మా ఇంట్లో ఇక ఏ భాషా లేదు.

కొన్నాళ్లకు టీచరుగారు ఇంటికొచ్చి అమ్మ పక్కన నేల మీదే కూర్చున్నారు. "మీ ఆయన చెప్పిన కథ రేపు బడిలో పెడతాను, నీకు వినాలనుంటేనేనమ్మా. లేదంటే ఆ క్యాసెట్ దాచేస్తాను" అన్నారు. మర్నాడు అమ్మే వచ్చి బడి అరుగు మీద కూర్చుంది.

టేపులో నాన్న ఒక మాట చెప్పి ఆగాడు. ఆ ఖాళీని నేను తట్టుకోలేకపోయాను. అప్పుడు అరుగు మీంచి అమ్మ "ఊఁ" అంది. నాన్న మరో మాట చెప్పాడు. అమ్మ మళ్లీ ఊఁ కొట్టింది. ఆ తర్వాత ఆమె కొంగులో ముఖం దాచుకుంది. నాన్న ఆగగానే, ఒకప్పుడు నన్ను చూసి నవ్విన పిల్లలంతా కలిసి ఊఁ కొట్టారు. తాబేలు పిల్ల ఒడ్డు చేరేదాకా కొడుతూనే ఉన్నారు. టీచరుగారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

ఆ టేపు ఎన్నడో పాడైంది. అమ్మా పోయింది. ఇప్పటికీ ఎవరైనా తమ ఇంటి మాటలో నాతో ఏదైనా చెబితే, అర్థం కాకపోయినా మధ్యలో ఆపను. ఊఁ కొడుతూ వింటాను. నా పిల్లలకు ఆ కథ తెలుగులోనే చెప్పాను. మా నాన్న భాషలో చెబుదామంటే, ఆ మాట తెలిసి ఊఁ కొట్టేవాళ్లు ఎవరూ మిగల్లేదు.