వెనక నుంచి తీసిన సినిమా

2018 డిసెంబరు, ఆదివారం సాయంత్రం. నారాయణపేట, చేనేత సంఘం హాలు. ఉన్నవాళ్ళు: నేను, నా భార్య పద్మ, ఆమె తమ్ముడు నర్సింలు, హైదరాబాదు నుంచి సినిమాలు తెచ్చిన ఒకావిడ, ఇంకా మా వీధివాళ్ళు కొందరు.

దయ్యాలు, ఆత్మలు అంటే నవ్వేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. కంటితో చూడనిది అందులో లేదు. ఆ రోజు కూడా చూసిందే రాశాను.

ఆ వచ్చినావిడ తండ్రి, కథా, మాటలూ, పాటలూ లేని సినిమాలు తీసిన తొలితరం మనిషి. ఆయన పోయాక, తీసినవన్నీ తీసిన ఊళ్ళకే తెచ్చి ఆమె చూపిస్తోంది. అందులో ఒకటి మా అత్తగారింట్లో తీసింది.

మా అత్త పోయేనాటికి పద్మకు ఆరేళ్ళు. నర్సింలు చంటివాడు. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. "అమ్మ ముఖం యాదికొస్తలేదు" అని పద్మ పెళ్ళయిన కొత్తలో ఏడ్చింది, మనవరాలు పుట్టినప్పుడూ ఏడ్చింది. ఆ రోజు మధ్యాహ్నానికే చీర మార్చుకుని కూర్చుంది.

రీలు తిరిగింది. నలుపు తెలుపు. శబ్దం లేదు. గుంట మగ్గం ముందు కూర్చున్న ఒక స్త్రీ వీపు, కదిలే మోచేతులు. అంతే. కెమెరా వెనకే ఉండిపోయింది.

"బావా, గిదేం సినిమ? జర ముందటికి పోయి తియ్యరాదా గా సారు?" అన్నాడు నర్సింలు.

"సప్పుడు జెయ్యకురా. గా మోచేతి మీది పచ్చబొట్టు అమ్మదే," అంది పద్మ.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉండేది. నేసేవాళ్ళను నోటితో పిలవకూడదు. చెయ్యి తడబడి పోగు తెగుతుందని. పిల్లలకు అమ్మ కావాలంటే వెనక నిలబడి మెల్లగా రెండు చప్పట్లు కొట్టాలి.

పద్మ లేచి నిలబడింది. రెండు చప్పట్లు కొట్టింది.

తెరమీది మనిషి వెంటనే తిరగలేదు. దారం చుట్టిన నాడెను అటువైపు దాటించి, పోగును దగ్గరికి కొట్టి, అప్పుడు తిరిగింది. నేరుగా పద్మ నిలబడ్డ వైపు చూసింది. ఏం బిడ్డా అన్నట్టు గడ్డం ఎత్తి నవ్వింది. మళ్ళీ పనిలో పడింది.

హాల్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. సినిమాలో ఉన్నదే అనుకున్నాం. మిషను దగ్గరున్న ఆవిడ మాత్రం రీలు ఆపి మా వైపు వచ్చింది. "మా నాన్న ఎవరి ముఖమూ తీయలేదండి. దీన్ని నేను ఎన్నిసార్లు చూశానో," అంది.

మర్నాడు పొద్దున మాకోసం మళ్ళీ వేసింది. ఈసారి తెర పక్కనే కుర్చీ వేసుకున్నాను. మొదటి నుంచి చివరిదాకా వీపే. రీలును కిటికీ వెలుతురులో పట్టి కూడా చూశాం. ఆ ముఖం ఎక్కడా లేదు. ముందురోజు చూసినవాళ్ళందరినీ విడివిడిగా అడిగాను. అందరూ ఒకటే చెప్పారు. ఇదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నర్సింలు బతిమాలాడు. "అక్కా, ఇంకోపారి సప్పట్లు కొట్టవే. నేను సక్కగ చూడకపోతి."

"పనిల ఉన్న మనిషిని ఊకూకె పిలుస్తరారా?" అంది పద్మ.

తర్వాత తమ్ముడి గడ్డం పట్టుకుని, ముఖాన్ని కిటికీ వైపు తిప్పి చాలాసేపు చూసింది.

"అమ్మ ముక్కు అచ్చం గిట్లనే ఉన్నదిరా," అంది.