నుదుటి మీద పేరు

దీపావళికి తలా ఒక వంట తెచ్చుకుని కలిసే పాట్‌లక్‌లలో నేను చెప్పే పుర్రె కథ విన్నవాళ్ళు టెక్సస్‌లో మేముండే ఇర్వింగ్‌లో చాలామందే ఉన్నారు. పక్క అపార్ట్‌మెంట్‌లోని మెక్సికన్ పెద్దావిడ మా అమ్మాయి పేరు పుర్రె మీద రాసి ఇచ్చిందనీ, వెంటనే పిల్లకు జ్వరం వచ్చిందనీ, ఆ పుర్రెను వదిలించుకున్నాకే తగ్గిందనీ చెప్పేవాణ్ణి. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఆ కథ అబద్ధం. జ్వరం పుర్రె కంటే ముందే వచ్చింది.

అప్పుడు పిల్లకు ఐదేళ్ళు. నేనూ నా భార్యా ఆఫీసుల నుంచి వచ్చేదాకా ఆ పెద్దావిడ దగ్గరే ఉండేది. మా కాంప్లెక్స్‌లోని తెలుగు పిల్లలు ఇంకొందరు కూడా అక్కడే ఉండేవాళ్ళు. నవంబరు మొదట్లో ఒక సాయంత్రం పిల్ల చక్కెరతో చేసిన చిన్న పుర్రెను రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. కళ్ళ గుంటల్లో మెరిసే నీలం కాగితం, చుట్టూ పూలు, నుదుటి మీద గులాబీ రంగు ఐసింగ్‌తో పిల్ల పేరు.

"ఏందిది? పుర్రె మీద పిల్ల పేరేంది?" అంది నా భార్య.

బ్రహ్మ రాసిన రాత పుర్రె మీది గీతల్లో ఉంటుందని చిన్నప్పుడు మా ఇంట్లో చెప్పేవాళ్ళు. ఆ రాతలో ఎవరో వేలు పెట్టారనిపించింది నాకు. పుర్రెను సింకులో పెట్టి వేడినీళ్ళు వదిలాను. ముందు పేరు కరిగింది, తరవాత పళ్ళు. "నాన్నా, అది క్యాండీ! అది నాది!" అని పిల్ల నా ప్యాంటు పట్టుకుని ఏడ్చింది.

మర్నాటి నుంచి పంపలేదు. ఎందుకని అడిగినవాళ్ళతో చేతబడి అన్నాను. మెల్లగా తెలుగువాళ్ళందరూ పిల్లల్ని మానిపించారు. ఆమె మాత్రం పార్కింగ్‌లో కనిపించినప్పుడల్లా మా పిల్లకు చెయ్యి ఊపేది. నేను కారు తాళాలు వెతుక్కుంటున్నట్టు తల దించుకునేవాణ్ణి.

ఆమె నిరుడు చనిపోయింది. ఈ నవంబరులో, పోయినవాళ్ళ కోసం మెక్సికన్లు చేసుకునే పండగకు, కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి నన్ను ఆమె కూతురి ఇంటికి రమ్మంది.

"నేనెందుకు బిడ్డా?"

"నేను లాస్ట్ ఇయర్ కూడా వెళ్ళా నాన్నా, నీకు చెప్పలేదు. వన్స్ నువ్వు చూడు, ప్లీజ్."

గుమ్మం నుంచి హాలు దాకా బంతిపూల రేకులు దారిలా పరిచి ఉన్నాయి. పోయినవాళ్ళు ఆ వాసన పట్టుకుని ఇల్లు చేరతారట. దీపావళికి మా గుమ్మానికి నేను కట్టిన బంతిపూలు కూడా మెక్సికన్ దుకాణంలో కొన్నవే. గోడ పొడవునా మెట్లు మెట్లుగా బల్లలు, దీపాలు, సాంబ్రాణి లాంటి పొగ. మధ్యలో ఫోటోలో ఆమె నవ్వుతోంది. ముందు రొట్టె, చాక్లెట్, గ్లాసు నీళ్ళు. మా అమ్మాయి బ్యాగులోంచి సకినాల ప్యాకెట్ తీసి వాటి పక్కన పెట్టింది. చిన్నప్పుడు తన డబ్బాలోవి ఆ పెద్దావిడా తనూ చెరిసగం తినేవాళ్ళట.

అన్ని మెట్ల మీదా పుర్రెలే. పూలు పెట్టుకున్నవి, టోపీ పెట్టుకున్నవి, పెళ్ళికి ముస్తాబైనట్టున్నవి. ఒక్కటీ భయపెట్టలేదు. పెత్రమాసకు, అంటే పితృ అమావాస్యకు, మేమూ పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పెడతాం. కానీ చావుకు ఇలా రంగులు పూసి, ఇంట్లో మనిషిలా ఎదురుగా కూర్చోబెట్టుకోవడం నేనెక్కడా చూడలేదు. చూస్తూ చూస్తూ ఎప్పుడు విప్పానో తెలియదు, నా కాళ్ళకు చెప్పులు లేవు. మిగతా అందరికీ ఉన్నాయి.

"బతికున్నవాళ్ళ పేర్లు కూడా రాస్తారా?" అని ఆమె కూతుర్ని అడిగాను.

"ఇష్టమైనవాళ్ళకే రాసి ఇస్తాం. నువ్వూ పోతావు, నేనూ పోతాను, అందాకా ఈ తీపి తిను అని." నవ్వింది. "మీ పాపకు అమ్మ ప్రతి ఏడూ చేసేది. మీ తలుపు కొట్టడానికి మనసొప్పక చివరికి మా పిల్లలకు పెట్టేది. దానికోసం కొట్టుకునేవాళ్ళు వెధవలు."

అప్పుడు చెప్పాను, సింకు సంగతీ, నేను ఊరంతా చెప్పిన మాటా. ఆమె ఆరిపోబోతున్న ఒక దీపం వత్తిని ఎగదోసింది.

"అమ్మకు తెలుసు," అంది. లోపలికి వెళ్ళి, నేను వస్తానని మా అమ్మాయి ముందే చెబితే చేసి ఉంచిన చక్కెర పుర్రె తెచ్చి నా చేతిలో పెట్టింది. నుదుటి మీద నా పేరు.

ఆ శనివారం పాట్‌లక్‌లో ఒక మిత్రుడు మొదలుపెట్టాడు. "అన్నా, కొత్తోళ్ళొచ్చిన్రు. ఆ పుర్రె కథ జెప్పరాదే."

జరిగింది జరిగినట్టు చెప్పాను. ప్లేట్లు పట్టుకున్నవాళ్ళు తినడం ఆపారు.

"ముందుగాల చెప్పిందే మంచిగుండె గదనే," అన్నాడు మిత్రుడు. కొందరు నవ్వారు.

"మీ మాట విని మా బాబుని కూడా మాన్పించేశాం కదా అన్నయ్యా," అంది వాళ్ళ వెనక నిలబడ్డ ఒకావిడ. ఆమె నవ్వలేదు.

"అవునమ్మా," అన్నాను.

నా పుర్రె వంటింటి కిటికీలో ఉంది. కొంచెం కొరికి తిన్నాను. మిగతాదానికి చీమలు పట్టాయి. పారెయ్యనా అని నా భార్య అడిగింది, వద్దన్నాను. రోజూ పొద్దున కాఫీ తాగుతూ చూస్తున్నాను. అవి వరసగా వచ్చి, నా పేరును రవ్వ రవ్వగా మోసుకుపోతున్నాయి.